విశాఖలో సెలవు పూట: వారానికి ఏది, నెలకు ఏది, ఏడాదికి ఏది?

విశాఖపట్నానికి బదిలీ మీదో, పిల్లల చదువు కోసమో వచ్చి స్థిరపడినవాళ్లు మొదటి కొన్ని నెలల్లోనే ఊరంతా చుట్టేస్తారు. ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, జలాంతర్గామి మ్యూజియం, సింహాచలం, భీమిలి అన్నీ అయిపోతాయి. ఆ తరువాత ఆదివారం వస్తే ఏం చేయాలో తోచదు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఇంటికి చుట్టాలు వస్తే తప్ప వాళ్లు సముద్రం ముఖం చూడరు. ఇద్దరిదీ ఒకటే చిక్కు. పర్యాటకుల కోసం తయారైన జాబితా పట్టుకుంటే ఇక్కడ కాపురం చేసేవాళ్లకు సెలవులు గడవవు.

అందుకే ‘ఏది గొప్ప’ అనే ప్రశ్నను పక్కన పెట్టి, ‘ఏది మళ్లీ మళ్లీ చేయగలం’ అని అడగమంటాను. వారం వారం చేసినా విసుగు రానివి కొన్ని ఉన్నాయి. నెలకు ఒకసారి తిథి చూసుకుని వెళ్తేనే పండేవి కొన్ని. ఏడాదికి ఒక్కసారి ఒళ్లు హూనం చేసుకున్నా ఫరవాలేదనిపించేవి మరికొన్ని. ఒకదాని చోట ఇంకొకటి పెట్టుకుంటేనే ‘ఈ ఊళ్లో ఏముంది’ అనే నిట్టూర్పు మొదలవుతుంది.

బీచ్ రోడ్డు: పొద్దునా, సాయంత్రమా?

వారపు అలవాటుగా ఒక్కటే ఎంచుకోమంటే నేను తడుముకోకుండా చెప్పేది పొద్దున్నే బీచ్ రోడ్డు నడక. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ కూడలి దాకా తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపేస్తారు. రోడ్డంతా నడిచేవాళ్లదే. స్కేటింగ్ బూట్లు కట్టుకున్న పిల్లలు, వరుసగా చాపలు పరిచి యోగా చేసేవాళ్లు, పదవీ విరమణ చేసి గోడ మీద కూర్చుని రాజకీయాలు తేల్చే పెద్దలు, అందరికీ చోటు ఉంటుంది. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే వస్తాడు. శీతాకాలంలో దాదాపు ఎదురుగా, వేసవిలో కాస్త ఎడమకు జరిగి కైలాసగిరి వైపు. ఏడాది పొడవునా నడిచేవాళ్లకు ఆ జరుగుడు చూడటమే ఒక కాలక్షేపం.

సాయంత్రాల సంగతి వేరు. పగలంతా నేల వేడెక్కి, నీరు చల్లగా ఉండటం వల్ల గాలి సముద్రం మీది నుంచి ఒడ్డుకు వీస్తుంది. సాయంత్రం బీచ్‌లో హాయిగా ఉండేది ఆ గాలి వల్లే. తెల్లవారుజామున అది తిరగబడి నేల నుంచి సముద్రానికి పోతుంది. అందుకే మే నెలలో పొద్దున నడక మొదలుపెట్టిన కాసేపటికే చొక్కా ఒంటికి అంటుకుంటుంది. ఉక్కపోత భరించలేనివాళ్లు వేసవి మూడు నెలలూ సాయంత్రానికి మారడంలో తప్పు లేదు. అయితే ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. బండి నిలిపే చోటు కోసం తిరగడంలోనే సగం పూట పోతుంది. మిగతా సగం పిల్లలు జనంలో తప్పిపోకుండా కాపలా కాయడంతో సరి.

సాయంత్రం వెళ్లడానికి అసలు కారణం గాలి కన్నా మురీ మిక్చర్ అనేవాళ్లతో నాకు పేచీ లేదు. మరమరాల మీద సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, వేయించిన వేరుశనగ గుళ్లు, కాస్త కారం, పైన నిమ్మచెక్క పిండి, గిన్నెలో గలగలమనిపించి కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. తినడానికి చెంచా బదులు మడిచిన అట్టముక్క. అందుకున్న వెంటనే తినేయాలి, కాసేపు ఆగితే మరమరాలు మెత్తబడతాయి. దీనికి మంగళవారమో బుధవారమో వెళ్లండి. బండివాడికి తీరిక ఉంటుంది, నిమ్మకాయ కాస్త ధారాళంగా పడుతుంది.

దిగడానికి ఏ తీరం, చూడటానికి ఏ తీరం

ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఆర్కే బీచ్ చూడటానికి, నడవటానికి, కూర్చోవటానికి. స్నానానికి కాదు. హెచ్చరిక బోర్డులున్నాయి, పోలీసులు ఈలలు వేస్తూనే ఉంటారు, అయినా నడుము లోతు నీళ్లలోకి దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఎక్కడో ఒక సన్నని దారి చూసుకుని వేగంగా వెనక్కి పోతుంది. ఆ ప్రవాహం ఈత వచ్చినవాణ్ని కూడా లాగేస్తుంది. చిత్రమేమిటంటే పైనుంచి చూస్తే అదే అన్నిటికన్నా ప్రశాంతంగా కనిపిస్తుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, ఇసుక కలిసి బురదగా ఉంటుంది. ‘ఇక్కడ అలలు లేవు’ అని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదడం వృథా, అలసిపోవడం తప్ప ఫలితం ఉండదు. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, లాగుడు తగ్గాక వెనక్కి రావాలి. పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టే ఇదీ నేర్పాలి.

దిగాలనుకుంటే రుషికొండ మేలు. నగరం నడిబొడ్డు నుంచి పది కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, భద్రత, పరిశుభ్రత వంటి విషయాల్లో 33 ప్రమాణాలు పాటిస్తే తప్ప ఇవ్వని గుర్తింపు అది. స్నానానికి హద్దులు గీసిన చోటు, కాపలాదారులు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. సర్ఫింగ్, కయాకింగ్, స్కూబా నేర్పేవాళ్లు కూడా ఎక్కువగా ఇక్కడే దొరుకుతారు. హద్దుల్లో ఉన్నంతవరకే ఈ మేలు అని గుర్తుంచుకోవాలి. పక్కన రాళ్ల వైపు వెళ్తే అక్కడి సముద్రానికి ఏ గుర్తింపూ తెలియదు.

యారాడ అందం వేరు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నీళ్లు. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల ఉండటంతో సింధియా, మల్కాపురం మీదుగా చుట్టు తిరిగి, ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి. నెలకు ఒకసారి, అదీ మామూలు రోజున వెళ్తే దాని విలువ తెలుస్తుంది. ఫొటోలకు యారాడ, స్నానానికి రుషికొండ అని గీత గీసుకోండి. యారాడలో అలలు నిర్దాక్షిణ్యంగా ఉంటాయి.

భీమిలి నాకు కాస్త పక్షపాతం ఉన్న చోటు. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరు, డచ్చివారి పాత సమాధులు, పెంకుటిళ్లు, 1861 నాటి మున్సిపాలిటీ. విశాఖ నుంచి అక్కడికి పోయే తీరపు దారే సగం విహారం. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగవచ్చు. 2014లో వాటికి జాతీయ భౌగోళిక వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చింది. అక్కడికి తీసుకెళ్లే పెద్దలకు ఒక్క మాట: పిల్లల్ని దిబ్బల మీది నుంచి జారనివ్వకండి. గాలి, వాన కలిసి వేల ఏళ్లపాటు చెక్కిన గోడలవి. ఒక్క ఆదివారం జారుడుబల్ల ఆటతో అంచులు కూలిపోతాయి.

ఇంతకీ మీ పిల్లలకు ఈత రాకపోతే పైవన్నీ పక్కన పెట్టి, ముందు బీచ్ రోడ్డులోనే ఉన్న నగరపాలక సంస్థ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో చేర్పించండి. సముద్రం ఎదురుగా ఉండగా కొలనుకు డబ్బు కట్టడమేమిటని పెద్దవాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి. ఈత నేర్చుకోవడానికి కదలని నీరే కావాలి.

తిథి చూసుకుని వెళ్లేవి

సముద్రం ఒడ్డున ఉంటూ కూడా చాలామంది పట్టించుకోని కాలెండరు ఒకటి ఉంది. అది గోడ మీద వేలాడే పంచాంగమే.

పౌర్ణమి సాయంత్రం సూర్యుడు వెనుక కొండల్లోకి దిగే వేళకే ఎదురుగా సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. పడమటి తీరం వాళ్లకు ఈ భాగ్యం లేదు, వాళ్లకు నీళ్లలో అస్తమించే సూర్యుడే దిక్కు. మొదట మబ్బు వెనక దీపం పెట్టినట్టు ఎర్రటి మసక, తరువాత అంచు, చూస్తుండగానే నిండు బింబం, దాని కింద నీళ్ల మీద ఒక దారి. ఎండాకాలపు పున్నమి చంద్రుడు కాస్త దక్షిణానికి, చలికాలపు చంద్రుడు కాస్త ఉత్తరానికి జరిగి లేస్తాడు, అంటే సూర్యుడికి సరిగ్గా తలకిందులుగా. మర్నాడు వెళ్తే ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యం అవుతుంది, అప్పటికి చీకటి పడి ఆ రంగులు ఉండవు. కాబట్టి ఆ ఒక్క రోజునే పట్టుకోవాలి. టికెట్టు లేదు, వరుస లేదు. తెన్నేటి పార్కు గోడ మీద నుంచి చూస్తే ఆర్కే బీచ్ దీపాల వెలుగు కూడా అడ్డం రాదు.

అదే పౌర్ణమికి, అలాగే అమావాస్యకు, పగటి పూట చేయగలిగింది మరొకటుంది: రాళ్ల మడుగులు చూడటం. ఆ రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే గీతలో కలిసి పనిచేస్తుంది కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. విశాఖ దగ్గర ఆ తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. నీరు బాగా దిగినప్పుడు జోడుగుళ్లపాలెం, రుషికొండ వైపు రాళ్ల మధ్య చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. వంగి, నీడ పడకుండా, కదలకుండా చూడాలి. మొదట రాయి, నాచు తప్ప ఏమీ కనబడదు. కాసేపటికి రాయి అనుకున్నది పువ్వులా విచ్చుకుంటుంది. అది సముద్రపు ఎనిమోన్, మీసాల్లాంటి చేతులతో ఆహారం పట్టుకుంటుంది. ఖాళీ గుల్ల అనుకున్నది నడవడం మొదలుపెడుతుంది. లోపల సన్యాసి పీత కాపురం ఉంటుంది. ముళ్ల బంతిలా సముద్రపు అర్చిన్ రాతి సందులో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు, చెప్పుల్లేకుండా అక్కడ నడవకూడదు.

ఆటు సమయాలను హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) ముందుగానే ప్రకటిస్తుంది. ఎత్తైన అలల హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వస్తాయి. నీరు పూర్తిగా దిగే సమయానికి ఓ గంట ముందు చేరుకుని, తిరిగి ఎక్కడం మొదలవగానే బయటపడండి. ఈ తీరపు జీవులను చూపించడానికి ప్రకృతి ప్రేమికులు అప్పుడప్పుడు ఉచితంగా నడకలు ఏర్పాటు చేస్తుంటారు. మొదటిసారి వాళ్లతో వెళ్లడమే తెలివైన పని. తెలిసినవాళ్లు వేలు పెట్టి చూపిస్తే తప్ప సగం జీవులు కంటికి ఆనవు.

జంతుప్రదర్శనశాలా, రాళ్ల మడుగులా అని అడిగితే, ఆరేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి నేను మడుగులకే ఓటు వేస్తాను. ఇందిరా గాంధీ జంతుప్రదర్శనశాల మంచిదే, 1977 నుంచి నడుస్తోంది, వందల ఎకరాల చెట్ల నీడ ఉంది. చంకన పిల్ల ఉన్నవాళ్లకు అదే సుఖం. కాకపోతే ఏనుగు ప్రతిసారీ అదే ఏనుగు. మడుగులో ఉండేవి ఆటుకీ ఆటుకీ మారిపోతుంటాయి.

చేపల రేవు, తాబేళ్ల పొదుగు

ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారుజామున వెళ్లడం అందరికీ నప్పదని ముందే చెప్పేస్తున్నాను. వాసన, తడి, తోపులాట, పైన గద్దలు. కానీ ఈ ఊరు దేని మీద బతుకుతోందో తెలుసుకోవాలంటే అంతకు మించిన చోటు లేదు. మర పడవలు దిగగానే ఐసు పెట్టెల్లోంచి సరుకు నేల మీద కుప్పలుగా పడుతుంది. వంజరం ఒక పక్క, చందువలు ఒక పక్క, కానాగంతలు, కవ్వళ్లు గంపల్లో. వేలం పాడేవాడి నోటి నుంచి అంకెలు ఎంత వేగంగా వస్తాయంటే కొత్తవాళ్లకు ఒక్కటీ చెవికి ఎక్కదు. కొనే ఆడవాళ్లు మాత్రం తల ఒక్కసారి ఊపి సరుకు కొట్టేస్తారు. ఇంటికి ఒకటి రెండు కిలోలు కావలసినవాళ్లు ఆ వేలంలో తలదూర్చకుండా, బయట గంపలు పెట్టుకున్న వాళ్ల దగ్గర తీసుకోవాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు.

వాసన పడనివాళ్లకు మరో దారి ఉంది. పెద్ద జాలరిపేట, జోడుగుళ్లపాలెం లాంటి చోట్ల చిన్న పడవలు నేరుగా ఇసుక మీదికే వస్తాయి. అలను చూసి, సరైన అల మీద పడవను ఒడ్డుకు ఎక్కించే ఆ నేర్పు చూస్తే నౌకాదళ విన్యాసాలు కూడా కాసేపు మరిచిపోతాం. అడ్డం నిలబడకుండా, ఫొటో తీసే ముందు అడిగి తీయండి. వాళ్లది కాలక్షేపం కాదు, జీవనోపాధి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మర పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం ఇస్తారు. ఆ రోజుల్లో హార్బర్‌కు వెళ్తే లంగరు వేసిన పడవలు, వలలు బాగుచేసుకునే మనుషులు తప్ప వేలం ఉండదు. వెళ్లాలనుకుంటే ఆ తరువాతే.

శీతాకాలం దాటుతుండగా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి వేళ ఇసుకలో గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. కుక్కల బారిన పడకుండా అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లను సేకరించి, కంచె కట్టిన పొదుగు కేంద్రాల్లో మళ్లీ ఇసుకలో పాతిపెడతారు. ఒకటిన్నర నుంచి రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువగా పుడతాయి. ఎక్కువగా తెల్లవారుజామున వాటిని నీళ్లలోకి వదులుతారు. ఇది రోజు చెప్పి జరిగే కార్యక్రమం కాదు, పిల్లలు బయటపడిన రోజునే జరుగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున నడకకు వెళ్లేవాళ్లకే ఇది కనబడే అవకాశం ఎక్కువ. అందుకే వారపు నడకను ముందు వరసలో పెట్టాను. చేతిలోకి తీసుకోవద్దు, ఫోను వెలుగు వాటి మీద వేయవద్దు. అవి వెలుగు చూసే దారి పట్టుకుంటాయి, మన వెలుగు చూసి రోడ్డెక్కుతాయి.

కొండల సంగతి

కొండ ఎక్కాలనుకునేవాళ్లకు మూడు దారులు. ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే కైలాసగిరి. రోప్‌వే ఉంది, పైన చిన్న రైలు ఉంది, రెండు వైపులా తీరం కనిపిస్తుంది. నడక కావాలంటే, పక్షుల మీద ఆసక్తి ఉంటే కంబాలకొండ. 70 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి, జాతీయ రహదారి పక్కనే ఉన్నా లోపలికి నాలుగడుగులు వేస్తే హారన్ల మోత తగ్గిపోతుంది. చిరుతలు తిరిగే చోటు కాబట్టి అటవీ సిబ్బంది చెప్పిన దారి దాటవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ రెండు చోట్లా చెట్లను నేలమట్టం చేసింది. అప్పటి కైలాసగిరిని చూసినవాళ్లకు ఇప్పటి పచ్చదనం చిన్న విషయం కాదు.

మూడోది తొట్లకొండ. నౌకాదళం చేసిన సర్వేలో 1976లో బయటపడిన బౌద్ధ క్షేత్రం. స్తూపాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, భిక్షువుల గదుల గోడలు, కింద మంగమారిపేట తీరం. సందడి ఉండదు. మాట్లాడుకోవాల్సిన మాటలు ఉన్న ఇద్దరు స్నేహితులకు ఈ ఊళ్లో ఇంతకన్నా మంచి చోటు చెప్పలేను.

ఎండ దంచినప్పుడు, వాన పట్టినప్పుడు

కురుసుర జలాంతర్గామి అందరూ చూసేదే అయినా, ఎవరిని తీసుకెళ్లాలో ఆలోచించి వెళ్లాలి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు ఇనుప గొట్టంలో 75 మంది ఎలా బతికారో లోపలికి వెళ్తేనే తెలుస్తుంది. ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి సందులో కాలు ఎత్తి, తల వంచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు అది శిక్ష. ఆమెను ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం దగ్గరో, దగ్గర్లోని విశాఖ మ్యూజియం ఉన్న డచ్ బంగళాలోనో కూర్చోబెట్టి మీరు వెళ్లిరండి. సోమవారం సెలవు. లోపల మాజీ నౌకాదళ ఉద్యోగులు వివరిస్తారు, వాళ్లను ప్రశ్నలు అడగండి. అడగనివాళ్లకు అదొక ఇనుప వసారా, అంతే.

అది ఒకసారికో రెండుసార్లకో సరిపోతుంది. మళ్లీ మళ్లీ వెళ్లగలిగేవి ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం, పిఠాపురం కాలనీలోని కళాభారతి. కళాభారతిలో సంగీత కచేరీలు, నృత్య ప్రదర్శనలు, నాటకాలు ఏడాది పొడవునా ఏదో ఒకటి జరుగుతూ ఉంటాయి. చాలా వాటికి టికెట్టు ఉండదు. సినిమా హాలుకు పెట్టే ఖర్చుతో పోల్చి చూసుకోండి, ఇక నేను వేరే వాదించను.

ఏడాదికి ఒకసారి

ఇక్కడ ఎంపిక ఒంటి సత్తువను బట్టి. సింహాచలం గిరిప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మొదలవుతుంది. కొండ కింద తొలి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ కిందికి, మొత్తం 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. దారి పొడవునా ఇళ్లవాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర పట్టుకుని నిలబడతారు. భక్తి ఉన్నా లేకపోయినా, ఒక ఊరు ఊరంతా రాత్రి పూట నడవడం ఎలా ఉంటుందో చూడాలంటే ఇదొక్కటే అవకాశం. పూర్తిగా నడవలేకపోతే మీ ఇంటి దగ్గర మంచినీళ్లు పోసే వరుసలో నిలబడండి. నడిచేవాళ్లను చూడటానికి అదే మంచి చోటు.

నౌకాదళం ఏడాది చివర్లో నిర్వహించే వైజాగ్ నేవీ మారథాన్ అందుకు పూర్తిగా భిన్నం. 42, 21, 10, 5 కిలోమీటర్ల పరుగులు, ముందే పేరు నమోదు, అంకె చీటీ, ఎండ ఎక్కకముందే ముగింపు. పరుగు అలవాటు లేనివాళ్లు 5 కిలోమీటర్లతో మొదలుపెట్టవచ్చు. రెండింటిలో ఒకటే చేయగలనంటే, నలభై దాటి మోకాళ్లు మొండికేస్తున్నవాళ్లకు 5 కిలోమీటర్ల పరుగు, ఓపిక ఉండి వేగం లేనివాళ్లకు ప్రదక్షిణ.

చందనోత్సవం గురించి కాస్త కటువుగా చెబుతాను. వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్క రోజే. మీకు అది మొక్కు అయితే వెళ్లండి, వరుసలో గంటల తరబడి నిలబడటానికి సిద్ధపడి వెళ్లండి. చూసొద్దామన్న కుతూహలమే అయితే మరో రోజు పొద్దున్నే కొండెక్కి, గోడల మీది శిల్పాలను తీరిగ్గా చూసి రావడం నయం. అదే ఆలోచన కనకమహాలక్ష్మి గుడికీ వర్తిస్తుంది. మార్గశిర గురువారాల్లో బురుజుపేట సందులు జనంతో నిండిపోతాయి. ఆ సందడే కావాలంటే గురువారం, పైకప్పు లేని ఆ గర్భగుడిలో అమ్మవారిని నిదానంగా చూడాలంటే మరే వారమైనా.

నేవీ డే విన్యాసాలకు మాత్రం తేదీని గుడ్డిగా నమ్మకండి. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద చేసిన దాడికి గుర్తుగా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం. ఏళ్ల తరబడి విశాఖవాసులకు ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌కు పోవడం అలవాటు. 2022లో రాష్ట్రపతి సమక్షంలో ఇక్కడే జరిగింది. ఆ తరువాత ప్రధాన ప్రదర్శన ఇతర తీరాలకు వెళ్లింది, 2023లో సింధుదుర్గ్, 2024లో పూరీ. విశాఖలో విన్యాసాలు 2025 జనవరి 4న జరిగాయి. కాబట్టి చుట్టాలను పిలిచే ముందు ఆ ఏడాది ప్రకటన చూసుకోండి. అసలు ప్రదర్శనకు ముందు రోజుల్లో అభ్యాసాలు జరుగుతాయి. అవే యుద్ధనౌకలు, అవే హెలికాప్టర్లు, సగం జనం. నేను ఎంచుకునేది అభ్యాసాన్నే.

డిసెంబరు 8న రాస్ హిల్ మీది మేరీమాత ఉత్సవం చాలామంది జాబితాల్లో ఉండదు. ఓడరేవు పక్కన మూడు కొండల మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరుడి గుడి పక్కపక్కన ఉంటాయి. పైనుంచి ఓడలు లోపలికి వచ్చే ఇరుకు దారి స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్సవం నాడు జనం ఎక్కువ. ఓడలే చూడాలంటే మామూలు సాయంత్రం వెళ్లండి.

బండిలో వెళ్లాలా, బస్సులోనా అన్నది మిగిలింది. ఆదివారాలు, పండుగలు అయితే బస్సుకే నా ఓటు. రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సులో వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకుంటే తీరమంతా టికెట్టు డబ్బుల్లోనే వచ్చేస్తుంది. యారాడకు, తొట్లకొండకు మాత్రం సొంత బండో ఆటోనో తప్పదు. ఆటో అయితే తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడుకోండి, చీకటి పడ్డాక అక్కడ బేరమాడే అవకాశం మీకు ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వార్త వినబడి రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే తీరం వైపు పెట్టుకున్నవన్నీ రద్దు చేసుకుని, ఆ వారం గ్రంథాలయానికి వెళ్లండి.